బొమ్మలు వేసినవారూ రచయితలే

పిల్లల బొమ్మల పుస్తకం ఏది తీసుకున్నా అట్ట మీదో, లోపలి పేజీలోనో రెండు వరుసలు కనిపిస్తాయి. ‘కథ’ అని ఒక పేరు ఉంటుంది. దాని కింద ‘బొమ్మలు’ అని ఇంకో పేరు ఉంటుంది. కొన్ని పుస్తకాల్లో రెండు పనులూ ఒక్కరే చేస్తారు. తరగతిలో ‘ఈ పుస్తకం ఎవరు రాశారు?’ అని అడిగితే మొదటి పేరు చెప్పి కూర్చోవచ్చు. రెండో పేరు ఎవరూ అడగరు. క్విజ్ పోటీల్లోనూ అంతే, పుస్తక సమీక్ష రాయమన్నప్పుడూ అంతే.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ బొమ్మల పుస్తకంలో బొమ్మ అలంకారం కాదు, కథలో సగం. ఆ సగాన్ని చెప్పిన మనిషికి పేరు, గౌరవం, తగిన ప్రతిఫలం దక్కాలని మా అభిప్రాయం. ఆ పని పాఠశాలల నుంచే మొదలు కావాలని కూడా మేము కోరుతున్నాం.

బొమ్మ సగం కథ ఎలా అవుతుందో చూద్దాం. ఒక పేజీలో ‘చిన్ని బుద్ధిగా పడుకుంది’ అన్న ఒక్క వాక్యమే ఉందనుకుందాం. బొమ్మలో మాత్రం దుప్పటి కింద టార్చిలైటు వెలుగుతోంది, పిల్లి తోక ఒకటి బయటికి కనిపిస్తోంది. వాక్యం ఒకటి చెబుతోంది, బొమ్మ ఇంకొకటి చెబుతోంది. ఆ రెండింటి మధ్య ఉన్న తేడాలోంచే నవ్వు పుడుతుంది. ఆ పేజీని మైకులో చదివి వినిపిస్తే కథ అర్థం కాదు, చూడాల్సిందే. అక్షరాలు ఇంకా రాని ఒకటో తరగతి పిల్లలు ఆ పిల్లి తోకను పెద్దవాళ్ల కంటే ముందే పట్టేస్తారు. ఎందుకంటే పెద్దవాళ్ల కళ్లు అక్షరాల మీదికి పోతాయి, పిల్లల కళ్లు బొమ్మ మీదే ఉంటాయి.

మన కేంద్రీయ విద్యాలయాల్లో ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. తల్లిదండ్రుల బదిలీల వల్ల గువాహాటిలో చదివిన పిల్లవాడు మరుసటి ఏడాది హైదరాబాదుకో విశాఖపట్నానికో వస్తాడు. తరగతిలో తెలుగు, హిందీ, బెంగాలీ, ఒడియా మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. గ్రంథాలయం పీరియడ్‌లో చిన్న తరగతుల వారికి కథలు చదివి వినిపించేటప్పుడు మేము గమనించింది ఒకటుంది. కథ ఏ భాషలో ఉన్నా, ‘ఇది చూడు, ఇది చూడు’ అంటూ వేలు పెట్టి చూపించేది బొమ్మనే. భాష రాని పిల్లవాడు కూడా ఆ పేజీ దగ్గర అందరితో పాటే నవ్వుతాడు. ఆ నవ్వు తెప్పించిన మనిషి పేరు మనకు తెలియకపోవడం న్యాయమా?

ఆ మనిషి ఏం పని చేస్తారో ముందు తెలుసుకుందాం. ‘పది బొమ్మలే కదా, వారంలో గీసేయవచ్చు’ అని చాలామంది అనుకుంటారు. బొమ్మల పుస్తకాల్లో చాలావాటికి 32 పేజీలు ఉంటాయి. దీనికి కారణం అచ్చు యంత్రం. పెద్ద కాగితం మీద ఒకేసారి అనేక పేజీలు అచ్చువేసి, మడిచి, కోసి, కుట్టినప్పుడు పేజీలు 8, 16, 32 చొప్పున వస్తాయి. అందులో పేరు పేజీ, ప్రచురణ వివరాల పేజీ వంటివి పోగా కథకు మిగిలేవి పన్నెండో పద్నాలుగో జంట పేజీలు. కథ మొదలై, చిక్కు పడి, విడిపోవడం అంతా ఆ కొద్ది జాగాలోనే జరగాలి. కథలో మాటలు కూడా కొన్ని వందలకు మించవు. ఒక్క వాక్యం ఎక్కువైనా బొమ్మకు చోటు తగ్గుతుంది.

అందుకే చిత్రకారులు ముందుగా అగ్గిపెట్టెంత గడుల్లో పుస్తకం మొత్తాన్ని చిన్నచిన్న గీతల్లో వేసుకుంటారు. తరువాత తెల్ల కాగితాలు మడిచి ‘డమ్మీ’ తయారు చేసి, పేజీలు తిప్పుతూ చూసుకుంటారు. ఏ సంగతి కుడి పేజీలో ఆపాలి, పేజీ తిప్పగానే ఏది కనబడాలి అన్నది అక్కడే తేలుతుంది. ‘తలుపు తీసి చూస్తే...’ అన్న మాట పేజీ చివర రావాలి, లోపల ఉన్నదేమిటో పేజీ తిప్పాకే తెలియాలి. ఇది ఒక పేజీ తేడాతో చెడిపోతుంది.

ఇక పాత్ర సంగతి. మొదటి పేజీలో రెండు జడలున్న పాప ఇరవయ్యో పేజీలోనూ అదే పాపలా ఉండాలి. వెనకనుంచి చూసినా, పరుగెత్తినా, ఏడ్చినా గుర్తుపట్టగలగాలి. గౌను మీద ఐదు గుండీలుంటే చివరి వరకూ ఐదే ఉండాలి. లెక్క తప్పితే పిల్లలు ఊరుకోరు. రెండు పేజీల మధ్య మడతలో ముఖం పడకూడదు, పడితే పుస్తకం కుట్టాక ముక్కు మాయమవుతుంది. తెర మీద మెరిసే నీలం, కాగితం మీద అచ్చయ్యాక వెలిసినట్టు కనిపించవచ్చు. కాబట్టి రంగులు అచ్చుకు తగ్గట్టు సరిచూసుకోవాలి.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. ఒకే బొమ్మల పుస్తకం అనేక భాషల్లో వస్తుంది. చెన్నైలో 1996లో మొదలైన తూలిక సంస్థ తెలుగుతో సహా తొమ్మిది భాషల్లో పిల్లల పుస్తకాలు వేస్తోంది. నేషనల్ బుక్ ట్రస్ట్ కూడా ఒకే పుస్తకాన్ని అనేక భారతీయ భాషల్లోకి తెస్తుంది. బొమ్మలు వేసేవారు ఇవన్నీ మనసులో పెట్టుకోవాలి. ఇంగ్లీషులో రెండు వరుసల్లో సరిపోయిన మాట తెలుగులో మూడు వరుసలు కావచ్చు. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ ఎక్కువ కావాలి. ఆ ఖాళీని ఆకాశంలోనో గోడ మీదో నేల మీదో బొమ్మలోనే ముందుగా వదలాలి. అక్షరాలు నలుపులో ఉంటే భాష మారినప్పుడు నలుపు ప్లేటు ఒక్కటి మారిస్తే చాలు, మిగతా రంగుల ప్లేట్లు అవే వాడుకోవచ్చు. అందుకే బొమ్మలోని కొట్టు బోర్డు మీద ఏ భాషలోనూ పేరు రాయకుండా జాగ్రత్త పడతారు. మనం ఐదు నిమిషాల్లో చదివి పక్కన పెట్టే పుస్తకం వెనుక ఇంత ఆలోచన ఉంటుంది. దానికి నెలలు పడుతుంది.

ఒక్కోసారి అచ్చువేసేవారు దొరకడమే కష్టం. అమెరికాలో ఎరిక్ కార్ల్ అనే చిత్రకారుడు కాగితాల కట్టకు రంధ్రాలు పొడుస్తూ ఉండగా పుస్తకాలు తినే పురుగు గుర్తుకొచ్చింది. ఆయన సంపాదకురాలు పురుగుకు బదులు గొంగళిపురుగైతే బాగుంటుందని సూచించారు. అలా 1969లో ‘ది వెరీ హంగ్రీ కాటర్‌పిల్లర్’ వచ్చింది. గొంగళిపురుగు తిన్న చోటల్లా పేజీకి నిజంగానే రంధ్రం ఉంటుంది. పేజీల వెడల్పులు కూడా వేరువేరుగా ఉంటాయి. అలాంటి పుస్తకాన్ని అందుబాటు ఖర్చులో తయారు చేసేవారు అమెరికాలో దొరక్కపోతే జపానులో అచ్చువేయించారు. ఆలోచన, బొమ్మలు, సంపాదకత్వం, అచ్చు పని అన్నీ కలిస్తేనే ఆ పుస్తకం పుట్టింది. అందులో కథను, బొమ్మను విడదీయడం ఎవరివల్లా కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. దీని గురించి మన పత్రికల్లో మాట్లాడటం తక్కువ. ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. పుస్తకం వెల 60 రూపాయలు అనుకుందాం. అందులో నూటికి పది వంతున రాయల్టీ అనుకుంటే 6 రూపాయలు. కథ రాసినవారు, బొమ్మలు వేసినవారు చెరి సగం పంచుకుంటే ఒక్కొక్కరికి 3 రూపాయలు. మూడు వేల ప్రతులు అమ్ముడైతే చేతికి వచ్చేది 9,000 రూపాయలు. ప్రతులు అమ్ముడు కావడానికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేం. రాయల్టీ లేకుండా ఒకేసారి కొంత మొత్తం ఇచ్చి ముగించే పద్ధతి కూడా ఉంది. అప్పుడు పుస్తకం ఎన్నిసార్లు అచ్చయినా బొమ్మలు వేసినవారికి ఇంకేమీ రాదు. అందువల్ల ఒక్క పుస్తకాల మీదే బతకడం కష్టం. ప్రకటనల బొమ్మలు, పాఠ్యపుస్తకాల బొమ్మలు, పిల్లలకు చిత్రలేఖనం తరగతులు వంటి పనులు చేసుకుంటూ రాత్రిళ్లు తమ పుస్తకం పని చేసుకునేవారు ఉంటారు.

తెలుగువారికి బాగా తెలిసిన ఒక బొమ్మను గుర్తుచేస్తాం. భుజాన శవం, చేతిలో కత్తి, చీకట్లో నడుస్తున్న విక్రమార్కుడు. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ చదివిన ఏ ఇంట్లో అడిగినా ఆ బొమ్మ గుర్తుందంటారు. మన తాతయ్యలు, అమ్మమ్మలు కళ్లు మూసుకుని దాన్ని వర్ణించగలరు. ఆ బొమ్మ వేసింది ఎవరు అని అడగండి, చాలామంది ఆగిపోతారు. వేసినవారు కె.సి. శివశంకరన్. ‘శంకర్’ అన్న సంతకంతో దశాబ్దాల పాటు చందమామకు బొమ్మలు వేశారు. 1924లో తమిళనాడులో పుట్టిన ఆయన 2020లో, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది, 2021లో, ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. గౌరవం రావడం సంతోషమే. కానీ ఆయన ఆ వార్త వినలేదు. మూడు తరాల పిల్లల కళ్లలో నిలిచిన బొమ్మకు, వేసిన చేతి పేరు తెలియడానికి అంతకాలం ఎందుకు పట్టాలి?

మధ్యప్రదేశ్‌కు చెందిన గోండు చిత్రకారుల విషయంలో మంచి ఉదాహరణ ఒకటి ఉంది. భజ్జూ శ్యామ్, దుర్గాబాయి, రాంసింగ్ ఉర్వేతి కలిసి చెట్ల గురించి వేసిన బొమ్మలతో చెన్నైలోని తారా బుక్స్ 2006లో ‘ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్’ అనే పుస్తకం వేసింది. దాన్ని చేతితో తయారైన కాగితం మీద, చేతితోనే స్క్రీన్ ప్రింటింగ్ చేశారు. 2008లో దానికి ఇటలీలోని బొలోన్యా పిల్లల పుస్తక ప్రదర్శనలో బహుమతి వచ్చింది. ఒకప్పుడు రాత్రి కాపలాదారుగా పనిచేసిన భజ్జూ శ్యామ్‌కు 2018లో, చిన్నప్పుడు బడికి వెళ్లే అవకాశం లేకపోయిన దుర్గాబాయికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ పుస్తకం వారిని ‘గిరిజన కళాకారులు’ అని ఒక్క మాటలో చుట్టేయలేదు, ముగ్గురి పేర్లతోనూ వచ్చింది. ఇళ్ల గోడల మీద బొమ్మలు వేసే సంప్రదాయం నుంచి వచ్చినవారు పుస్తకం మీద తమ పేరుతో నిలబడ్డారు. పేరు ఉండడం వల్లనే కదా వారి తరువాతి పని ఎక్కడుందో మనం వెతుక్కోగలుగుతున్నాం!

పేరుతో పాటు హక్కు కూడా ముఖ్యం. ఇంగ్లండుకు చెందిన బీట్రిక్స్ పాటర్ కథా, బొమ్మలూ రెండూ తానే చేసిన రచయిత్రి. జబ్బుపడిన ఒక చిన్న పిల్లవాడికి 1893లో ఆమె బొమ్మలతో రాసిన ఉత్తరమే తరువాత ‘పీటర్ రాబిట్’ కథ అయింది. ప్రచురణకర్తలు కాదన్నారు. 1901లో సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించుకున్నారు. 1902లో ఫ్రెడరిక్ వార్న్ సంస్థ రంగుల బొమ్మలతో ప్రచురించింది. పుస్తకం విపరీతంగా అమ్ముడైంది. కానీ అమెరికాలో కాపీరైట్ నమోదు కాకపోవడంతో అక్కడ అనుమతి లేకుండా వేసిన ప్రతుల మీద ఆమెకు ఏమీ రాలేదు. మిగతా హక్కులను ఆమె జాగ్రత్తగా కాపాడుకున్నారు. ఆ సంపాదనతో 1905లో ఒక పొలం కొన్నారు, తరువాత మరెన్నో కొన్నారు. 1943లో కన్నుమూసే నాటికి నాలుగు వేల ఎకరాలకు పైగా భూమిని ప్రకృతి సంరక్షణ కోసం నేషనల్ ట్రస్టుకు వదిలి వెళ్లారు. బొమ్మల పుస్తకం మీద న్యాయమైన ఆదాయం వస్తే ఎంత మంచి జరగవచ్చో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

మన చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మకు ‘రచయిత’ అంటే దాన్ని గీసిన చిత్రకారుడే. హక్కులు ఇంకొకరికి రాసి ఇచ్చినా, ఇది నా పని అని చెప్పుకునే హక్కు, తన పేరుకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు 57వ సెక్షన్ ప్రకారం ఆ మనిషికే ఉంటాయి. అదే 1957లో నేషనల్ బుక్ ట్రస్ట్, కార్టూనిస్టు శంకర్ పిళ్లై స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ కూడా ఏర్పడ్డాయి. అంటే బొమ్మలు గీసినవారు రచయితలేనని చట్టం అప్పటినుంచీ అంటోంది. మన తరగతి గదులే ఇంకా అనడం లేదు.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి. చిత్రకారులకు ఎక్కువ ఇస్తే పుస్తకం వెల పెరుగుతుంది, పేద పిల్లలకు అందదు అంటారు. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. పుస్తకం చవగ్గా ఉండాలి, ఉచితంగా దొరికితే ఇంకా మంచిది. కానీ ఆ భారం రాసినవారి, గీసినవారి మీదే ఎందుకు పడాలి? కాగితం కొట్టువాడు పిల్లల పుస్తకం కదా అని కాగితం ఊరికే ఇవ్వడు. పాఠశాలలు, ప్రభుత్వ గ్రంథాలయాలు ఎక్కువ ప్రతులు కొంటే ఒక్కో ప్రతి ఖర్చు తగ్గుతుంది. ప్రథమ్ బుక్స్ 2015లో తెచ్చిన స్టోరీవీవర్ వేదికలో తెలుగుతో సహా ఎన్నో భాషల కథలు ఉచితంగా చదవవచ్చు, అనువాదం కూడా చేసుకోవచ్చు. అయితే రాసినవారి, గీసినవారి పేర్లు తప్పకుండా ఉంచాలన్నది అక్కడి నిబంధన. ఉచితం అంటే పేరు లేకపోవడం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

‘ఇప్పుడు కంప్యూటర్ అరనిమిషంలో బొమ్మ వేసిపెడుతుంది, ఇంకా చిత్రకారులెందుకు?’ అన్నది రెండో వాదన. బొమ్మ రావడం వేరు, పుస్తకం తయారవడం వేరు. ఏ సంగతి దాచాలి, ఏది పేజీ తిప్పాక చూపాలి, మన ఊరి పెంకుటింటి అరుగు మీద ఏం కూర్చోబెట్టాలి అన్నది ఆ జీవితాన్ని చూసిన మనిషికి తెలుస్తుంది. పైగా ఆ యంత్రాలు నేర్చుకున్నది ఎందరో చిత్రకారుల బొమ్మల నుంచే. తమను అడగకుండా వాడుకున్నారని చిత్రకారులు వివిధ దేశాల్లో కోర్టులకు వెళ్లారు. తీర్పులు ఎలా వచ్చినా, పిల్లల ముందు పెట్టే బొమ్మకు బాధ్యత వహించే మనిషి ఒకరు ఉండాలని మేము భావిస్తున్నాం.

మరి పాఠశాలలు ఏం చేయగలవు? పెద్ద ఖర్చులేమీ అక్కరలేదు. కథ చదివి వినిపించే ముందు రెండు పేర్లూ పైకి చదవాలి. పుస్తక సమీక్షలో ‘బొమ్మలు వేసినవారు’ అన్న గడి ఒకటి చేర్చాలి, బొమ్మల గురించి కనీసం రెండు వాక్యాలు రాయమనాలి. నోటీసు బోర్డు మీద, పాఠశాల పత్రికలో ఏ బొమ్మ వాడినా దాని కింద వేసినవారి పేరు ఉండాలి. అది నాలుగో తరగతి విద్యార్థి వేసినదైనా సరే, పేరు, తరగతి తప్పనిసరిగా వేయాలి. ఇంటర్నెట్‌లో దొరికిందని అనుమతి లేకుండా, పేరు లేకుండా తీసుకోకూడదు. ప్రాజెక్టు చార్టుల కోసం గ్రంథాలయం పుస్తకాల్లోని బొమ్మలు కత్తిరించడం పూర్తిగా ఆపాలి.

బాలల దినోత్సవానికో పుస్తక వారోత్సవానికో రచయితనూ చిత్రకారులనూ పిలిచినప్పుడు శాలువా కప్పి, మొక్క ఇచ్చి పంపితే సరిపోదు. వారు ఆ రోజు పని మానుకుని వస్తారు. దారి ఖర్చులు, వీలైనంత పారితోషికం ఇవ్వాలి. అదీ కుదరకపోతే వారి పుస్తకాలు పది ప్రతులు గ్రంథాలయానికి కొనాలి. పుస్తకోపహార్‌లో మనం పాఠ్యపుస్తకాలు చిన్న తరగతులకు ఇస్తున్నట్టే, ఇంట్లో ఉన్న బొమ్మల పుస్తకాలు కూడా ఇవ్వవచ్చు. ఒక పుస్తకం పదిమంది చేతుల్లోకి వెళ్తే ఆ రెండు పేర్లూ పదిమందికి తెలుస్తాయి.

చివరగా ఒక మాట. ప్రతి తరగతిలోనూ నోటుపుస్తకం వెనక పేజీల్లో బొమ్మలు వేసే వారు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ‘బొమ్మలు గీస్తే కూడు పెడతాయా?’ అన్న మాట వాళ్లకు ఇంట్లోనో బయటో వినిపిస్తూనే ఉంటుంది. కూడు పెట్టేలా చేయడం ఆ ఒక్క పిల్లవాడి చేతిలో లేదు. పుస్తకం కొనేవారు, వేసేవారు, చదివేవారు, చదివించేవారు అందరి చేతుల్లోనూ ఉంది. అందులో చదివేవారిగా మన వంతు అన్నిటికంటే తేలిక. ఈసారి గ్రంథాలయంలో బొమ్మల పుస్తకం తీసినప్పుడు రెండో పేరు కూడా చదవండి. నచ్చితే ఆ పేరుతో ఇంకో పుస్తకం ఉందా అని గ్రంథాలయం టీచరును అడగండి.